ఎనిమిది నిమిషాలు, పది వేళ్ళు

మా మిక్సీ జారు అడుగున ఒక మర ఉంది. అది వదులైన ప్రతిసారీ మా ఆవిడ శారద జారుని వీధి చివర షాపుకి తీసుకెళ్తుంది తప్ప నా దగ్గరికి తీసుకురాదు. అలాంటి నేను ఏడేళ్ళుగా ఈ దేశ సైన్యాన్ని ఎలా ఆధునికం చెయ్యాలో పత్రికల్లో రాస్తున్నాను. డ్రోన్లు, ఉపగ్రహాలు, పరాయి దేశాల యుద్ధాలు నేర్పిన పాఠాలు, ఏదీ వదల్లేదు. విజయనగరంలో డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. నేను చూసిన సరిహద్దు ఇచ్ఛాపురం ఒక్కటే, అది దాటితే ఒడిశా వస్తుంది. చదువుకునే రోజుల్లో ఎన్.సి.సి.లో చేరాను గానీ, కవాతులో అందరూ ఒకవైపు తిరిగితే నేనొక్కణ్ణే ఇంకోవైపు తిరుగుతున్నానని మూడో వారం వాళ్ళే దండం పెట్టి పంపించేశారు.

కిందటేడు జంషెడ్‌పూర్ నుంచి నాకో ఉత్తరం వచ్చింది. మూడే వాక్యాలు. "మేస్టారూ, మీ వ్యాసాలు చదివేను. అన్నీ బాగున్నాయి. గ్లౌజు వేసుకున్న చేత్తో డీజిల్ ఫిల్టరు మర తిరగదు, దాని గురించి కూడా రాయండి." కింద సంతకం: హవల్దారు సింహాచలం, రిటైర్డు, బిర్సానగర్. ఉపగ్రహాల మీద రాసేవాణ్ణి పట్టుకుని మర సంగతి అడుగుతాడేమిటని నవ్వుకుని, ఆ ఉత్తరాన్ని ఒక లావుపాటి పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. జవాబు రాయలేదు.

ఈ ఏడాది నవంబరులో అదే ఊళ్ళో ఒక సదస్సు పెట్టి నన్ను పిలిచారు. సైన్యాన్ని బాగుచెయ్యడానికి క్షేత్ర అనుభవాలు ఏం నేర్పుతాయి అన్నది విషయం. మనిషికి ఎనిమిది నిమిషాలు. వేదిక మీద చెప్పిన సూచనలన్నీ జాబితా రాసి పైకి పంపుతారట. నేను నలభై ఒక్క పేజీల వ్యాసం తయారుచేశాను. ఊరు కొత్త, పెట్టె బరువు, స్టేషనుకి ఎవరైనా వస్తే బాగుండుననుకున్నప్పుడు గుర్తొచ్చాడు హవల్దారు. అప్పుడు, ఏడాది ఆలస్యంగా, జవాబు రాశాను. నా నీచత్వం ఇంతటితో అయిపోయిందని అనుకోకండి.

బండిలో

ఎదురు బెర్తు మీద ఒక పెద్దావిడ, పక్కన కాలేజీ చదివే మనవరాలు. పెద్దావిడ భర్త టాటానగర్‌లో రైల్వేలో చేసి కాలం చేశాడట, ఇల్లూ వాకిలీ అక్కడే. ఆవిడ దృష్టిలో జంషెడ్‌పూర్ అనే ఊరు లేదు. ఉన్నది "టాటా".

"టాటా వత్తన్నారా బాబూ? ఏటి పని?" అంది, బొబ్బిలి దాటకముందే.

"మిలటరీ పరిశోధన" అన్నాను, గొంతు కాస్త దించి, రహస్యం చెబుతున్నట్టు.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. పొట్ట దగ్గర చూపు కాసేపు ఆగింది. "మిలట్రీయా? మరి ఈ ఒళ్ళేటి?"

"నానమ్మా, చుప్ రహో నా" అని మనవరాలు ఆవిడ మోచెయ్యి గిల్లింది. ఆవిడ ఏం చేసిందంటే, నా మీద జాలిపడి జంతికల డబ్బా మూత తీసింది. దారి పొడుగునా ఆవిడ తెలుగులో అడగడం, ఆ పిల్ల హిందీలో జవాబు చెప్పడం, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేకపోవడం. మా ఇంట్లో నేనూ శారదా ఒకే భాషలో మాట్లాడుకుని కూడా ఇంత బాగా అర్థం చేసుకోం.

టాటానగర్ స్టేషను

ప్లాట్‌ఫారం మీద నిటారుగా నిలబడి ఉన్నాడాయన. అరవై దాటాయి, జుట్టు ముగ్గుబుట్ట, వీపు మాత్రం గీత గీసినట్టు ఉంది. నన్ను చూడగానే సెల్యూట్ కొట్టాడు. నేను కూడా కొట్టబోయి, ఆ చేతిలో పెద్దావిడ కట్టిచ్చిన జంతికల పొట్లం ఉందని మరిచిపోయి, ముక్కలు నెత్తిన పోసుకున్నాను.

ఆయన ఎడంచేత్తో నా పెట్టె అందుకున్నాడు. కుడిచెయ్యి చూశాను. చూపుడువేలు, నడిమివేలు, రెండూ పై కణుపు దగ్గర ఆగిపోయాయి. చూడనట్టు నటించడం నాకు రాదు.

"యుద్ధంలోనా?" అన్నాను, చాలా గౌరవంగా.

"నేదు మేస్టారూ, డీజిల్ ఫిల్టర్లో" అన్నాడు.

పేజీ గుర్తుగా పెట్టుకున్న ఉత్తరం గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. ఆటోలో ఆయన దారి పొడుగునా ఊరి గురించే చెబుతూ వచ్చాడు. ఆయన పని వేళ్ళ మీద జాలి పుట్టించడం కాదని నాకు తర్వాత తెలిసింది.

కాసిడీహ్

నన్ను కాసిడీహ్‌లో ఒక లాడ్జిలో దింపారు. సాక్చి బజారు నడిచి వెళ్ళే దూరం. సూర్యుడికి మొక్కే ఛఠ్ పండగ అయి వారం కాలేదు, వీధి మలుపుల్లో ఇంకా చెరుకు గడల పిప్పి, అరటి డొప్పలు ఉన్నాయి. మట్టి కప్పులో టీ పది రూపాయలు. తాగేసి కప్పు పారెయ్యమంటారు, నాకు ప్రాణం ఒప్పలేదు. మూడు కప్పులు లాడ్జి గది కిటికీలో పోగేశాను, గది తుడిచేవాడు నన్నొక రకంగా చూశాడు. లిట్టీ రెండు నలభై రూపాయలు. బొగ్గుల మీద కాల్చిన పిండి ఉండ, లోపల వేయించిన సెనగపిండి, పక్కన కాల్చిన వంకాయ పచ్చడి. మన బండపచ్చడికి దూరపు చుట్టంలాగే ఉంది గానీ ఆవనూనె వాసన ముక్కుకెక్కి దగ్గాను. లిట్టీ అమ్మేవాడు నీళ్ళిచ్చి, "సౌత్ సే?" అని అడిగాడు. దగ్గు చూసి చెప్పేశాడన్నమాట.

మా ఊళ్ళో టైము అడిగితే గంట చెబుతారు. ఇక్కడ షిఫ్టు చెబుతారు. "ఏ షిఫ్టు దిగాక కలుద్దాం," "బీ షిఫ్టు వాళ్ళు ఎక్కకముందే కూరలు కొనెయ్యాలి." నేను దాన్ని డైరీలో "పారిశ్రామిక కాలస్పృహ" అని రాసుకున్నాను. నేను ఏది రాసినా ఇలాగే తయారవుతుంది.

టెల్కో కాలనీ

మర్నాడు ఆదివారం. సింహాచలం గారు స్కూటరు మీద వచ్చి, "ఇంటికెల్దాం, దారిలో బళ్ళు సూపిత్తాను" అన్నాడు. లారీల ఫ్యాక్టరీ వాళ్ళ టెల్కో కాలనీలో రోడ్లు నున్నగా, చెట్లు వరసగా, క్వార్టర్లు ఒకే పోలికగా ఉన్నాయి. ఒకచోట ప్రహరీ అవతల కొత్త లారీల వరస కనిపించింది. సైన్యం మీద ఏడేళ్ళు రాసినవాణ్ణి, లారీని అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. స్కూటరు దిగి, గోడ పక్కన రాయి ఎక్కి, ఫోను పైకెత్తాను.

గార్డు వచ్చి భుజం తట్టాడు. ఎవరు, ఏం పని అని హిందీలో అడిగాడు. నా హిందీ పరీక్ష పాసైన హిందీ, మాట్లాడే హిందీ కాదు. సైన్యపు వాహనాల గురించి సమాచారం సేకరిస్తున్నానని నిజాయితీగా చెప్పాను. చెబుతుండగానే అది ఎంత అధ్వాన్నంగా వినిపిస్తోందో నాకే అర్థమైంది. గార్డు ఫోను అందుకుని ఫొటోలు తెరిచాడు. మొదటి పన్నెండు ఫొటోలు లిట్టీవి.

సింహాచలం గారు నింపాదిగా వచ్చి తన యూనిట్ ఏదో చెప్పాడు. గార్డు కూడా మాజీ సైనికుడేనట. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆయన నా వైపు చూపించి, "ప్రొఫెసర్ సాబ్ హై" అన్నాడు. అయ్యో పాపం అన్నట్టు గార్డు తలూపి ఫోను తిరిగిచ్చేశాడు.

బిర్సానగర్

వాళ్ళది రెండు గదుల ఇల్లు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ఒక బల్ల, దానికి బిగించిన వైసు అనే పట్టకారు. ఆయన కూతురు పుష్ప ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. పొరుగువాళ్ళిచ్చిన ఛఠ్ ప్రసాదం, ఠేకువా, పళ్ళెంలో పెట్టింది. గోధుమపిండీ బెల్లమూ కలిపి నేతిలో వేయించిన బిళ్ళలు. మర్యాదకి గట్టిగా కొరికాను, నా పై దవడ పన్నుకి డాక్టరు తొడిగిన కాపు ఊడి చేతిలోకొచ్చింది. "అంకుల్, ధీరే సే" అని, మెల్లగా కొరకమని, పుష్ప ఆలస్యంగా చెప్పింది. కాపుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

"రండి మేస్టారూ, ఒక పరీచ్చ" అన్నాడు సింహాచలం గారు. ఫ్రిజ్ పై అర తలుపు తీసి, బఠాణీ పొట్లాలు పక్కకి నెట్టి, మంచు పట్టిన ఒక ఇనప గిన్నెలాంటిది బయటికి తీశాడు. "పాపా, ఫిర్ సే? మటర్ ఖరాబ్ హో జాయేగా" అని పుష్ప విసుక్కుంది. బఠాణీల గొడవ ఆ ఇంట్లో పాతదేనని తెలుస్తూనే ఉంది. అది లారీ డీజిల్ ఫిల్టరు. పట్టకారులో బిగించి, మందపాటి గ్లౌజుల జత నా చేతుల్లో పెట్టాడు. ఫిల్టరు అడుగున బఠాణీ గింజకన్న కాస్త పెద్ద చెవులున్న మర ఒకటి ఉంది.

"డీజిల్లో నీళ్ళుంటాయి. అడుక్కి దిగుతాయి. పైన కొండల్లో బండి ఆపీగానే, గడ్డ కట్టకముందే, ఆ మర ఇప్పి నీళ్ళు వొదిలీయాల. నేదంటే పొద్దున్న బండి కదల్దు. రోగి ఉన్నా, రేషనున్నా అంతే. ఇప్పండి."

విప్పడానికి ప్రయత్నించాను. గ్లౌజు వేళ్ళు మర చుట్టూ జారిపోతున్నాయి. ఇటు నుంచి, అటు నుంచి, రెండు చేతులతో కూడా చూశాను. చెమటలు పట్టాయి. మిక్సీ సంగతి ఈయనకి తెలియదు కదా, పరువు పోతుందని, చటుక్కున కుడి గ్లౌజు పీకేసి ఒట్టి చేత్తో మర పట్టుకున్నాను.

"ఆగండి" అన్నాడాయన. "అదీ, అక్కడే. అందరూ అదే సేత్తారు. నానూ అదే సేసినాను."

తడి వేళ్ళు ఇనుముకి అతుక్కున్నట్టయి, లాక్కుంటే చర్మం చురుక్కుమంది. అది ఇంట్లో ఫ్రిజ్ చలి. ఆయన పట్టుకున్నది మైనస్ ముప్ఫైలో. మర ఊడి చల్లటి డీజిల్ రెండు వేళ్ళ మీద కారిందట, అప్పటికి నొప్పి కూడా తెలియలేదట. వారం తర్వాత ఆసుపత్రిలో కొసలు తీసేశారు. ఏ బండి అని అడిగితే, "ఏదైతే ఏటి, పాత మోడలు, ఇంకా తిరుగుతున్నాది" అన్నాడంతే.

తర్వాత బల్ల సొరుగులోంచి ఒక పిడి తీశాడు. మూడంగుళాల ఇనప కడ్డీ, పైన అడ్డంగా చేతికందే కమ్మీ, దానికి పాత సైకిలు ట్యూబు తొడుగు, కొసన మర చెవులు పట్టే గాడి. దగ్గర్లో లేతు షాపులో చేయించాడట. గ్లౌజుతోనే పిడి పట్టుకుని తిప్పాను. మర తిరిగింది. నా జీవితంలో నేను విప్పిన మొదటి మర అదే, సిగ్గు లేకుండా సంతోషించాను.

"ప్రతీ బండికీ ఇలాటి పిడొకటి ఇమ్మని పదకొండేళ్ళై రాత్తన్నాను" అన్నాడు. "నా ఉత్తరాలకి జవాబు రాదు. మీరు సెప్తే జాబితాలో ఎక్కుతాది."

అయిదు గంటలకి పుష్ప ఫోను మోగింది. ఆమె భర్త రమేష్, సైన్యంలో లారీ డ్రైవరు, కొండల్లో ఉన్నాడు. ఆదివారం కిందికి దిగితే సిగ్నలు దొరుకుతుంది. నెలాఖరుకి పైకి వెళ్తాడు, రోడ్డు మూసేస్తారు, చలికాలమంతా అక్కడే. పలకరింపులైనా కాకముందే పుష్ప అంది: "దస్తానే ఉతారో." అతను గ్లౌజులు తీసి రెండు చేతులూ తెర ముందు పెట్టాడు. ఆమె ఏక్, దో, తీన్ అని పది దాకా వేలు వేలునా లెక్కపెట్టింది. ఆ తర్వాతే భోజనం చేశావా అని అడిగింది. సింహాచలం గారు పక్కనే నిలబడి తనూ మనసులో లెక్కపెట్టుకుంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి.

నేను ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. "రేపు వేదిక మీద నా మొదటి మాట మీ పిడి గురించే."

లాడ్జికి వచ్చి, దీపాలు పెట్టే వేళకి నలభై ఒక్క పేజీల్లో ముప్ఫై తొమ్మిది తీసి పక్కన పడేశాను. రెండు పేజీలు మిగిలాయి, రెండూ పిడి గురించే. నా అంతటి త్యాగమూర్తి లేడనుకుంటూ పడుకున్నాను.

సదస్సు

మా వైపు సభల్లో ఒక పద్ధతి ఉంది. వేదిక మీద ఎంతమందుంటే అంతమందినీ పేరు పేరునా, హోదా హోదాగా పలకరించాలి. ఒక్క పేరు తప్పిందా, కావాలనే వదిలేశాడంటారు. మా కాలేజీలో ఒక సన్మాన సభలో నా పేరు లైబ్రేరియన్ గారి తర్వాత చదివారని నేను భోజనం చెయ్యకుండా వచ్చేసిన సందర్భం కూడా ఉంది. అక్కడ చూస్తే నాకు ముందు మాట్లాడిన నలుగురూ లేచి, "నమస్కార్" అని, నేరుగా విషయంలోకి దూకేశారు. పాపం పెంపకం లోపమని జాలిపడ్డాను.

వేదిక మీద తొమ్మండుగురు. నేను లేచాను. జేబులో ఒక పక్క పిడి, ఒక పక్క పన్ను కాపు. చివరి వరసలో సింహాచలం గారు కోటు వేసుకుని, ఒళ్ళో థర్మోకోల్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. నేను అడిగితే పైకి తెచ్చి చూపించడానికని ఐసులో పెట్టి ఫిల్టరుని మోసుకొచ్చాడు. పక్కన సెలవు పెట్టి వచ్చిన పుష్ప.

మొదటి మాట పిడి గురించే మాట్లాడదామనే నోరు తెరిచాను, దేవుడి మీద ఒట్టు. నోటికి మాత్రం నలభై ఏళ్ళ అలవాటు. అధ్యక్షుల వారితో మొదలైంది. ఆయన సేవల గురించి రెండు ముక్కలు. ఆయన్ని అని పక్కాయన్ని అనకపోతే ఎలా. ఆరుగురు అయ్యేసరికి గాలి తగ్గింది, నీళ్ళు తాగాను. తొమ్మిదో మనిషి బూడిద రంగు స్వెట్టరు వేసుకున్న సన్నటాయన, ఆహ్వాన పత్రికలో లేడు. ఆయన్ని వదిలేస్తే బాగుండదని ఆగి, పేరు కనుక్కుని చీటీ పంపమని నిర్వాహకులకి సైగ చేశాను. చీటీ రావడానికి పట్టినంతసేపూ ఉక్కు నగరం గొప్పతనం చెప్పాను, మా విశాఖలో కూడా ఉక్కు ఉందని చెప్పాను. ఎక్కడో గంట మోగింది. అది టైము అయిపోవస్తోందని చెప్పే మొదటి గంటని నాకు తట్టలేదు. చీటీ వచ్చింది, పేరు చదివాను, నమస్కరించాను.

"ఇక అసలు విషయానికి వస్తే" అని జేబులోంచి పిడి తీశాను.

మోగింది రెండో గంట. అధ్యక్షుల వారు చాలా సంతోషంగా ధన్యవాదాలు చెప్పారు. ఒక్క నిమిషం అన్నాను. మైకు అప్పటికే పక్కవాడి చేతిలో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. చివరి వరసలో సింహాచలం గారు కూడా కొట్టాడు, ఆ కోసేసిన వేళ్ళున్న చేత్తో. నా తల తీసేసినట్టయింది. నన్ను తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

నాలుగు గంటల లోపు

భోజనాల దగ్గర నాకు ముద్ద దిగలేదు. అబద్ధమెందుకు, పూరీ దిగలేదు, రసగుల్లాలు రెండు దిగాయి. సింహాచలం గారు పళ్ళెం పట్టుకుని నా పక్కకొచ్చాడు.

"బాగా మాటాడినారు మేస్టారూ. అందరి పేర్లూ తప్పు నేకుండా సెప్పినారు" అన్నాడు. వెటకారం లేదు. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన ఇలాంటి ఉపన్యాసాలు చాలా విన్నాడు, నా మీద పెద్ద ఆశ పెట్టుకోలేదేమో అనిపించి ఇంకా కుంగిపోయాను.

పుష్పకి ఆ సహనం లేదు. "అంకుల్, ఆఠ్ మినట్ మే ఆప్ సిర్ఫ్ నమస్తే బోలే" అంది. ఎనిమిది నిమిషాలూ ఒట్టి నమస్తేలే.

అంతలో నిర్వాహకుడు వచ్చి, మాట పూర్తికాని వాళ్ళు నాలుగు గంటల లోపు ఒక్క పేజీ రాసిస్తే అది కూడా జాబితాలో కలుపుతామని చెప్పాడు. నేను బతుకు జీవుడా అని హాలు బయట మెట్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. పేజీ నిండిపోయింది, ఇంకా పిడి రాలేదు. పుష్ప నా భుజం మీంచి చూస్తోంది. సంచీలోంచి ఎర్ర కలం తీసి, కాయితం లాక్కుని, నాలుగో తరగతి పిల్లల కాపీ దిద్దినట్టు దిద్దింది. సమకాలీన ప్రపంచ పరిస్థితుల పేరా పోయింది. చరిత్ర పేరా పోయింది. మిగిలిన ఒకే ఒక్క వాక్యం మీద కలం ఆపి అడిగింది:

"ఇస్‌మే ఉంగ్లీ కహా హై?"

వేళ్ళు ఎక్కడున్నాయని. నేను రాసిన ఇంగ్లీషు వాక్యానికి అర్థం, దేహపు కొసల పరిమితుల దృష్ట్యా పరికరాల రూపకల్పనని పునరాలోచించాలని. అందులో వేళ్ళు లేవు.

"వేళ్ళ మాట రాయొద్దు" అన్నాడు సింహాచలం గారు. "జాలి కోసం అడిగినట్టుంటాది. మర సంగతి రాయండి సాలు."

పుష్ప తండ్రి వైపు తిరిగింది. ఆ రెండ్రోజుల్లో ఆమె నోట నేను విన్న మొదటి తెలుగు మాట అదే. "నాన్నా, నీ చెయ్యి నువ్వు దాచుకో. రమేష్ చెయ్యి నేను దాచలేను."

ఆయన కోటు జేబులోంచి ఆ చెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె చెప్పింది, నేను రాశాను. మర ఎంత ఉంటుంది, ఎప్పుడు విప్పాలి, గ్లౌజుతో ఎందుకు తిరగదు, ఒట్టి చేత్తో విప్పితే ఏమవుతుంది, మా నాన్నకి ఏమైంది, పిడి ఎలా ఉంటుంది, ఒక్కోటి చెయ్యడానికి లేతు షాపువాడు ఎంత తీసుకున్నాడు. పదకొండు వాక్యాలు. ఏడేళ్ళలో నేను రాసిన వాటిలో అదొక్కటే పనికొచ్చేది, అది కూడా నాది కాదు.

నాలుగింటికి పది నిమిషాలుండగా లోపలికి వెళ్తే బల్ల దగ్గర ఉన్నది స్వెట్టరు ఆయన ఒక్కడే. కాయితం నిలబడి చదివాడు. "ఏ వేళ్ళు?" అని హిందీలో అడిగాడు. సింహాచలం గారు చూపించాడు. థర్మోకోల్ డబ్బాలో ఐసు నీరైపోయింది, ఫిల్టరు మాత్రం ఇంకా చల్లగానే ఉంది. స్వెట్టరు ఆయన గ్లౌజు వేసుకుని పిడి లేకుండా తిప్పి చూశాడు, పిడితో తిప్పి చూశాడు. పిడి తను ఉంచుకోవచ్చా అని అడిగాడు.

"నో సార్. అది మా అల్లుడికి పంపాలి. బొమ్మ గీసిత్తాను" అని, కాయితం వెనక కొలతలతో సహా గీసిచ్చాడు సింహాచలం గారు. స్వెట్టరు ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఫైల్లో కాకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అది మంచికో చెడుకో మాకెవరికీ తెలియలేదు.

పోస్టాఫీసు

తిరుగు బండి ఎక్కే ముందు మంగళవారం పొద్దున్న వాళ్ళతో పోస్టాఫీసుకి వెళ్ళాను. పుష్ప ఒక డబ్బాలో అడుగున ఆ పిడితో పాటు లేతు షాపులో చేయించిన మరో మూడు, పైన ఠేకువాలు సర్దింది. కౌంటరు దగ్గర గుమాస్తా డబ్బా ఊపాడు. లోపల ఖణేల్‌మంది.

"క్యా హై?"

"నాలుగు ఇనప పిడులు, ఇరవై ఠేకువాలు. ఏది మోగతన్నాదో నాను సెప్పనేను" అన్నాడు సింహాచలం గారు, సగం హిందీలో సగం తెలుగులో. గుమాస్తా నవ్వి ముద్ర వేశాడు. నా పన్ను కాపు సాక్ష్యం చెప్పగలదు గానీ నేను బయటికి తియ్యలేదు. స్టేషనులో ఆయన మళ్ళీ సెల్యూట్ కొట్టాడు. ఈసారి నేను చేతులు ఖాళీ చేసుకుని, సరిగ్గానే కొట్టాననుకుంటాను. ఆయన నా మోచెయ్యి కొంచెం పైకి సర్దాడు.

ఇంటికి వచ్చాక

డిసెంబరులో సదస్సు వాళ్ళ దగ్గర్నుంచి ఒక పెద్ద కవరు వచ్చింది. లోపల బంగారు అంచు సర్టిఫికెట్టు. "మా సదస్సులో స్వాగతోపన్యాసం చేసినందుకు" అని ఉంది. శారద దాన్ని చదివి, కుర్చీలో కూర్చుని, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. జేబులోకి వెళ్ళిన కాయితం ఏమైందో ఇంతవరకు తెలియదు. రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. ఆ బాధ ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

డబ్బా మాత్రం రోడ్డు మూసేలోపు చేరింది. రమేష్ ఒక పిడి ఉంచుకుని మూడు పంచాడట. అక్కడి వర్క్‌షాపులో ఎవరో చూసి మరికొన్ని చేశారట. ఇదంతా పుష్ప చెప్పింది; ఆదివారాలు పైన కూడా ఒకచోట సిగ్నలు దొరుకుతోందట.

జనవరి మొదటి ఆదివారం సాయంత్రం సింహాచలం గారి ఫోను. నేను అలవాటు ప్రకారం, "నమస్కారమండీ, అమ్మాయి కులాసానా, అక్కడ చలి ఎలా" అని ఎత్తుకున్నాను.

"పది, మేస్టారూ" అన్నాడు. పెట్టేశాడు.

తర్వాతి ఆదివారమూ అంతే. ఒక్క మాట. ఆదివారం అయిదింటికి నేను బయటికి వెళ్ళడం మానేశాను. మూడో ఆదివారం ఫోను రాలేదు. ఏడింటికి నేనే చేశాను. "సిగ్నల్ నహీ మిలా, అంకుల్" అంది పుష్ప, గొంతు సన్నగా ఉంది. మంచు పడుతోందని టీవీలో చెబుతూనే ఉన్నారు. సోమవారం క్లాసులో పాఠం మధ్యలో రెండుసార్లు ఆగిపోయాను, పిల్లలకి అనుమానం వచ్చింది. మంగళవారం పొద్దున్న శారద వంటింట్లో మిక్సీ వేస్తుండగా ఫోను మోగింది. ఈసారి నేను నమస్కారం కూడా చెప్పలేదు. ఫోను చెవిన పెట్టుకున్నాను.

"పది" అన్నాడాయన.

ఎవరని వంటింట్లోంచి శారద అడిగింది. "పదీ ఉన్నాయట" అన్నాను. ఆవిడ మిక్సీ ఆపి, "అమ్మయ్య" అని, మళ్ళీ వేసుకుంది.